దీపం ఎవరి చేతిలో ఉంది?

(స్త్రీల హక్కుల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకునే మనిషిని. ఆదివారాలు కౌన్సెలింగ్ సెంటర్లో కూర్చుంటాను. ఈ రెండు పనులకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదని చాలాకాలం అనుకున్నాను. ఒక ఆదివారం మా సెంటర్‌కి వచ్చిన ఒకామె ఆ అభిప్రాయాన్ని మార్చేసింది.

ఆమెను భర్త పదేళ్ళుగా కొడుతున్నాడు. ఆమె కేసు పెడదామనుకునే లోపలే అతను ఒక డాక్టరు దగ్గర ఆమెకు మతిస్థిమితం లేదని సర్టిఫికెట్ రాయించుకుని విడాకులకు వేశాడు. ఆ కాగితం వచ్చాక ఆమె ఏం చెప్పినా పిచ్చిదాని మాట అయిపోయింది. అన్నీ చెప్పి, చివర్లో నన్నొక ప్రశ్న అడిగింది. "అక్కా, మెదడులోకి వెలుగు పంపించి లోపల ఏం జరుగుతోందో చూస్తున్నారట గదా. నా మెదడు కూడా అట్లా చూపించరాదూ? అప్పుడన్నా నేను చెప్పేది నిజమని నమ్ముతారేమో."

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆడదాని నోటిమాటకు విలువ లేని చోట, ఆమె తన మెదడునే సాక్ష్యంగా తెచ్చి బల్లమీద పెడతానంటోంది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆమె విన్న ఆ వెలుగు గురించే. అది ఎట్లా పనిచేస్తుంది, దానితో ఏం తెలిసింది, ఆ తెలిసిన దానిలో మనకు పనికొచ్చేదేమిటి, మనం భయపడవలసిందేమిటి అన్న విషయాలు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఊరంతటికీ ఒకే స్విచ్

మన మెదడులో సుమారు 8600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్, ఆమె సహచరులు 2009లో ఈ లెక్క తేల్చారు. ఈ కణాలు ఒకదానితో ఒకటి చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో, రసాయనాలతో మాట్లాడుకుంటాయి. భయం, ఆకలి, ప్రేమ, జ్ఞాపకం అన్నీ ఈ మాటల్లోంచి పుట్టేవే. ఒకే చోట పక్కపక్కనే ఉన్న కణాలు కూడా ఒకే పని చెయ్యవు. ఒకటి భయాన్ని పెంచేదైతే దాని పక్కది భయాన్ని తగ్గించేది కావచ్చు.

చాలాకాలం పాటు శాస్త్రవేత్తల చేతిలో ఉన్న సాధనాలు మొరటువి. మెదడులోకి సన్నని తీగ దింపి కరెంటు ఇచ్చేవారు. ఇది ఎట్లాంటిదంటే, మీ వీధిలో ఒక్క ఇంట్లో బల్బు వెలిగించాలంటే ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఇవ్వడం లాంటిది. అన్ని ఇళ్ళలోనూ బల్బులు వెలుగుతాయి. మనకు కావలసిన ఇల్లు ఏం చేస్తోందో తెలియదు. మందులైతే ఇంకా నిదానం, ఒంట్లో అంతటా పాకుతాయి. డి.ఎన్.ఏ. నిర్మాణం కనిపెట్టినవారిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ 1979లోనే ఈ ఇబ్బంది గురించి రాశాడు. చుట్టూ ఉన్న కణాలను కదిలించకుండా ఒక్క రకం కణాలను మాత్రమే ఆపగల పద్ధతి కావాలన్నాడు. 1999లో, అందుకు వెలుగు పనికిరావచ్చని కూడా అన్నాడు. అప్పటికి అది ఒక కోరిక మాత్రమే.

పాచి నేర్పిన విద్య

ఆ కోరిక తీరడానికి దారి చూపింది నీళ్ళలో పెరిగే పచ్చని పాచి. క్లామిడోమొనాస్ అనే ఏకకణ జీవి అది. దానికి కళ్ళు లేవు. అయినా వెలుగు ఎటు ఉందో తెలుసుకుని అటు ఈదుతుంది. దాని ఒంటి పొరలో ఒక ప్రోటీన్ ఉంది. నీలి వెలుగు పడగానే అది తలుపులా తెరుచుకుంటుంది, బయట ఉన్న ధన విద్యుదావేశపు అణువులు లోపలికి వస్తాయి. దాని పేరు ఛానల్‌రొడాప్సిన్. జర్మనీలో గేయోర్గ్ నాగెల్, పీటర్ హెగెమాన్, ఎర్న్‌స్ట్ బాంబర్గ్ 2002, 2003 సంవత్సరాల్లో దీని గుట్టు బయటపెట్టారు.

నాడీకణం మేల్కొనడానికి కావలసింది కూడా సరిగ్గా ఇదే. లోపలికి ధన విద్యుదావేశం రావాలి. కాబట్టి ఈ పాచి తలుపును నాడీకణానికి బిగిస్తే, వెలుగు పడినప్పుడల్లా ఆ కణం పలుకుతుంది. 2005లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డైసెరోత్, ఎడ్వర్డ్ బాయిడెన్ బృందం, నాగెల్, బాంబర్గ్‌లతో కలిసి, గాజుపాత్రలో పెంచిన ఎలుక నాడీకణాల్లో దీన్ని చేసి చూపించారు. వెలుగును సెకనులో వెయ్యో వంతు లెక్కన వెలిగించి ఆర్పితే, కణం కూడా దాదాపు అంత కచ్చితంగా స్పందించింది. ఈ పద్ధతికే ఆప్టోజెనెటిక్స్ అని పేరు వచ్చింది.

బతికున్న ఎలుకలో ఎట్లా చేస్తారు? హాని చెయ్యకుండా మార్చిన ఒక వైరస్‌లో ఈ పాచి జన్యువును పెట్టి మెదడులో కావలసిన చోటికి ఎక్కిస్తారు. ఫలానా రకం కణంలో మాత్రమే ఆ జన్యువు పనిచేసేట్టు ఏర్పాటు చేస్తారు. తర్వాత పుర్రెకు చిన్న రంధ్రం చేసి వెంట్రుకలాంటి గాజు ఫైబర్ లోపలికి దింపుతారు. దాంట్లోంచి వెలుగు వెళ్తుంది. గమనించండి, జన్యువు మార్చాలి, పుర్రె తెరవాలి. దూరం నుంచి టార్చిలైటు వేసి మనిషి మనసు మార్చేస్తారన్న పుకార్లు మీ దగ్గరికి వస్తే నమ్మకండి. వెలుగు మాంసంలోంచి అంత లోతుకు పోదు. పోయినా, ఆ పాచి ప్రోటీన్ లేని కణం దానికి పలకదు.

ఇది నడిపించే వెలుగు. చూపించే వెలుగు ఇంకొకటి ఉంది. దాని కథ ఒక జెల్లీఫిష్‌తో మొదలవుతుంది. అందులో పచ్చగా మెరిసే ప్రోటీన్‌ను ఒసాము షిమొమురా 1962లో వేరుచేశాడు. 1994లో మార్టిన్ చాల్ఫీ దాన్ని ఒక చిన్న పురుగు కణాల్లో మెరిపించాడు. 2001లో జపాన్‌లో జునిచి నకాయ్ బృందం ఈ మెరిసే ప్రోటీన్‌ను కాల్షియం పట్టుకునే మరో ప్రోటీన్ ముక్కతో అతికింది. నాడీకణం పలికినప్పుడల్లా దాని లోపల కాల్షియం పెరుగుతుంది, అప్పుడు ప్రోటీన్ మెరుస్తుంది. సూక్ష్మదర్శినిలోంచి చూస్తే, ఎలుక మెదడులో వందల కణాలు దీపావళి రాత్రి వీధిలా ఒక్కొక్కటే వెలిగి ఆరుతూ కనిపిస్తాయి.

చాల్ఫీకి 2008లో నోబెల్ వచ్చింది. ఆయన పరిశోధనా వ్యాసంలో తన భార్య తుల్లే హేజెల్‌రిగ్ చేసిన, అప్పటికి అచ్చుకాని ప్రయోగాన్ని ప్రస్తావించవలసి వచ్చింది. ఆమె కూడా శాస్త్రవేత్తే. తన ఫలితం వాడుకోనిచ్చేందుకు ఆమె షరతులు పెట్టిందట. కాఫీ పెట్టాలి, ప్రత్యేకంగా వంట చెయ్యాలి, నెల రోజులపాటు రాత్రిపూట చెత్త పారబోయాలి. ఈ సంగతి చాల్ఫీ తానే సరదాగా చెప్పుకున్నాడు. మనమూ నవ్వుకోవచ్చు. నవ్వుకున్నాక, నోబెల్ అందుకున్న వ్యాసం వెనక ఉన్న స్త్రీకి దక్కింది నెల రోజుల ఇంటిపని మినహాయింపు అన్న సంగతి కూడా గుర్తుంచుకుందాం.

"తల్లి మనసు" ఎక్కడుంది?

ఇప్పుడు ఈ దీపంతో చూస్తే కనిపించిన మూడు విషయాలు చెబుతాను. మూడూ మన ఉద్యమం రోజూ ఎదుర్కొనే వాదనలకు సంబంధించినవి.

మొదటిది ఈగలది. పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో మగది ఒక రెక్క చాచి కదిలిస్తూ ఆడదాని కోసం పాట పాడుతుంది. ఆడది పాడదు. పాట మగజాతి స్వభావం అనుకున్నారు. 2008లో జె. డిలన్ క్లైన్, గెరో మీసెన్‌బాక్ ఆడ ఈగల నాడీకణాలను వెలుగుతో మేల్కొలిపారు. ఆడ ఈగ రెక్క చాచి పాడింది. మగదాని పాటకూ దీనికీ కొంత తేడా ఉంది. కానీ పాట పాడించే యంత్రాంగం ఆడదాని ఒంట్లో కూడా ఉంది. దాన్ని మొదలుపెట్టే ఆజ్ఞ మాత్రమే రావడం లేదు.

రెండోది తల్లితనం గురించి. జతకట్టని మగ చిట్టెలుకలు సాధారణంగా కొత్తగా పుట్టిన పిల్లల మీద దాడి చేస్తాయి, చంపేస్తాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కేథరీన్ డ్యులాక్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం, మెదడు అడుగుభాగంలో ఒక చిన్న కణాల గుంపును గుర్తించారు. 2014లో వచ్చిన వారి వ్యాసం ప్రకారం, ఈ కణాలు ఆడ ఎలుకలోనూ ఉన్నాయి, మగ ఎలుకలోనూ ఉన్నాయి. మగ ఎలుకలో వాటి మీద వెలుగు వేస్తే దాడి మానేసి పిల్లను నాకి శుభ్రం చెయ్యడం మొదలుపెట్టింది. ఆడ ఎలుకలో ఆ కణాలను తీసేస్తే పిల్లల పెంపకం దెబ్బతింది. ఈ పరిశోధనకు గుర్తింపుగా 2021 సంవత్సరపు బ్రేక్‌త్రూ బహుమతి డ్యులాక్‌కి దక్కింది.

పిల్లల్ని చూసుకోవడం ఆడదాని రక్తంలోనే ఉంది, మగవాడికి ఆ మనసు దేవుడివ్వలేదు అని మనకు ఎంతమంది చెప్పలేదు? కోర్టుల్లోనూ, పంచాయితీల్లోనూ, మన ఇళ్ళలోనూ ఆ మాటే. ఎలుకల్లోనే ఈ సామర్థ్యం ఇద్దరిలోనూ ఉంటే, భాష, సంస్కృతి, ఆలోచన ఉన్న మనుషుల్లో ఈ వాదన ఎట్లా నిలుస్తుంది? అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఎలుక మనిషి కాదు. మగవాళ్ళు చంటిపిల్లల గుడ్డలు ఉతకాలని మనం అడిగేది ఎలుక మెదడులో రుజువు దొరికిందని కాదు, అది న్యాయం గనక అడుగుతాం. ఎందుకు ఈ మాట అంటున్నానో మూడో విషయం వింటే తెలుస్తుంది.

మూడోది హింస. 2011లో డాయు లిన్, డేవిడ్ ఆండర్సన్ బృందం మగ చిట్టెలుక మెదడులో ఇంకొక చిన్న భాగాన్ని గుర్తించారు. అక్కడ వెలుగు వేస్తే ఎలుక ఎదురుగా ఉన్నది ఏదైనా సరే దాడి చేసింది. మామూలుగా ఆడ ఎలుకను కరవనిది, దాన్నీ కరిచింది. గాలి నింపిన రబ్బరు గ్లవుజు పెట్టినా కరిచింది. వెలుగు ఆర్పితే ఆగింది.

ఈ వార్త ఎట్లాంటి చేతుల్లో పడితే ఎట్లా మారుతుందో మీరు ఊహించగలరు. "హింస మగవాడి మెదడులోనే ఉంది, పాపం అతను మాత్రం ఏం చేస్తాడు" అంటారు. మన సెంటర్లలో ఈ మాట "కోపం వస్తే ఆయన మనిషి కాదు" అన్న రూపంలో రోజూ వింటూనే ఉన్నాం. దానికి జవాబు ఆ ప్రయోగంలోనే ఉంది. ఫైబర్ దింపి బయటినుంచి వెలుగు వేస్తే తప్ప, ఆ ఎలుక అట్లా గ్లవుజులను కరుస్తూ తిరగలేదు. పైగా ఆడ ఎలుకతో కలిసే సమయంలో ఈ దాడి కణాల్లో చాలావాటి చురుకు తగ్గడం కూడా వాళ్ళు చూశారు. అంటే మెదడులో దాడి చేయించే కణాలూ ఉన్నాయి, వాటిని అదుపులో పెట్టే మార్గాలూ ఉన్నాయి. మన సెంటర్‌కి వచ్చిన ఏ భర్తా తన పై అధికారిని కొట్టి రాలేదు. ఎవరిని కొట్టవచ్చో, ఎవరిని కొట్టకూడదో అతనికి బాగా తెలుసు. ఆ తెలివి కణాల్లోంచి రాలేదు, పితృస్వామ్యం నేర్పింది.

ఎలుకల్లో కూడా వివక్షే

ఇంకొక సంగతి. మెదడు శాస్త్రం ఎవరి మెదడును చూసి తయారైంది? ఆనలీస్ బీరీ, ఇర్వింగ్ జుకర్ 2011లో ఒక సమీక్ష ప్రచురించారు. నాడీశాస్త్ర పరిశోధనల్లో ఒకే లింగపు జంతువులతో చేసినవాటిని లెక్కిస్తే, ఆడ జంతువులతో చేసింది ఒకటి ఉంటే మగవాటితో చేసినవి ఐదున్నర ఉన్నాయి. ఎందుకంటే ఆడ ఎలుకకు నెలసరి లాంటి చక్రం ఉంటుంది, హార్మోన్లు మారుతుంటాయి, ఫలితాలు నిలకడగా రావు అన్నారు. 2014లో బ్రయన్ ప్రెండర్‌గాస్ట్ బృందం పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కకట్టి చూస్తే, ఆడ ఎలుకల ఫలితాల్లో మగవాటి కంటే ఎక్కువ హెచ్చుతగ్గులేవీ లేవని తేలింది. "ఆడదాని బుద్ధికి నిలకడ లేదు" అన్న సామెత ప్రయోగశాలలోకి కూడా వెళ్ళి కూర్చుందన్న మాట.

దీని ఫలితం మన ఒంటిమీద పడుతుంది. నిద్రకు వాడే జోల్పిడెమ్ అనే మందు స్త్రీల రక్తంలోంచి నెమ్మదిగా పోతుంది. మర్నాడు పొద్దుటికి కూడా మత్తు మిగిలి ఉంటుంది. అయినా ఏళ్ళతరబడి ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే మోతాదు ఇచ్చారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లో గానీ స్త్రీల మోతాదును సగానికి తగ్గించమనలేదు. పరిశోధనల్లో లింగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్న విధానం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో 2016లో అమలులోకి వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు, స్త్రీలు ఎన్నో ఏళ్ళు పోరాడితే వచ్చిన మార్పు అది.

ఎలుక నుంచి మనిషికి

ఈ పద్ధతి మనుషుల దాకా వచ్చిందా? వచ్చింది, కంటి ద్వారా. 2006లో డెట్రాయిట్‌లో జువో-హువా పాన్ బృందం, చూపుకణాలు చచ్చిపోయిన ఎలుకల కంటిపొరలో పాచి ప్రోటీన్ పెట్టి, వెలుగుకు స్పందించేట్టు చేసింది. 2021లో జోసె-అలాన్ సాహెల్, బోటొండ్ రోస్కా బృందం ఒక మనిషి విషయంలో సాధించిన ఫలితాన్ని ప్రచురించింది. ఆయన వయసు 58. కంటిపొర క్షీణించే జబ్బుతో చూపు పోయినవాడు. ఒక కంటిలో జన్యువు ఎక్కించి, కెమెరా ఉన్న ప్రత్యేకమైన కళ్ళద్దాలు పెట్టి నెలల తరబడి సాధన చేయించారు. బల్లమీద ఉన్న పుస్తకాన్నీ, గ్లాసులనూ గుర్తించి చెయ్యి చాపి తాకగలిగాడు. కళ్ళద్దాలు తీస్తే మళ్ళీ చీకటే. అయినా అది చిన్న విషయం కాదు. అందుకే ఈ శాస్త్రాన్ని వద్దనే వాళ్ళలో నేను లేను. మూర్ఛ, పార్కిన్సన్ జబ్బు, మానని దిగులు, వీటి మూలాలు తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దీపం ఇంతవరకూ లేదు.

అయితే ఈ దీపం ఎవరి చేతిలో ఉంది అని అడగడం మన పని. అట్లా అడగడానికి మనకు అనుభవం ఉంది.

పోర్చుగల్ డాక్టరు ఎగాస్ మోనిజ్ మెదడు ముందు భాగపు తంతువులను కోసే శస్త్రచికిత్స మొదలుపెట్టి, 1949లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అమెరికాలో ఆ కోతకు గురైనవారిలో ఎక్కువమంది స్త్రీలే. ఎదురు తిరిగే భార్య, మాట వినని కూతురు ఆపరేషన్ తర్వాత నెమ్మదించారు, ఇంటిపని చేసుకుంటున్నారు అని రాసుకుంటే, దాన్ని చికిత్స ఫలించినట్టు లెక్కవేశారు.

మన దగ్గరికి వద్దాం. 1985లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం జరుగుతున్నప్పుడు, అది ప్రయోగమని ఆ స్త్రీలకు తెలియదు. స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు వెళ్ళి అడిగారు. 1986లో ఇతర సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1994 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న మానసిక వైకల్యం గల అమ్మాయిలను పుణె తీసుకెళ్ళి గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రం వాళ్ళకు చేతకాదన్నది చెప్పిన కారణం. మహిళా సంఘాలు అడ్డుపడితేనే అది ఆగింది.

2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతపు ఆశ్రమ పాఠశాలల పిల్లలతో సహా సుమారు 14 వేల మంది అమ్మాయిలకు హెచ్.పి.వి. టీకా అధ్యయనం కింద ఇంజెక్షన్లు వేశారు. ఆ టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. అంగీకారం ఎవరిచ్చారు? మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గొడవ చేశాక 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆగింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు.

పేద స్త్రీ, ఆదివాసీ పిల్ల, దళిత స్త్రీ, పిచ్చిదన్న ముద్ర పడిన స్త్రీ, హాస్టల్లోనో జైల్లోనో ఉన్న స్త్రీ, ప్రయోగానికి మొదట దొరికేది వీళ్ళే. గర్భసంచికి ఇట్లా జరిగినప్పుడు మెదడు దగ్గర జరగదని ఎట్లా అనుకుంటాం? ఆమె చెయ్యి పట్టుకుని వేలిముద్ర వేయించే వ్యవస్థలో, పుర్రెకు రంధ్రం చెయ్యడానికి కూడా ఒక వేలిముద్ర చాలు.

చట్టం ఎంతవరకు తోడొస్తుంది?

మనకు కొన్ని ఆధారాలు ఉన్నాయి. వాటిని మనం బాగా తెలుసుకోవాలి.

2008లో పుణె సెషన్స్ కోర్టు ఒక యువతికి హత్యకేసులో జీవితఖైదు వేస్తూ, ఆమె మెదడు పరీక్ష నివేదికను కూడా సాక్ష్యంగా తీసుకుంది. అది వెలుగుతో చేసే పద్ధతి కాదు. తలకు తీగలు అంటించి, నేరం గురించిన వాక్యాలు చదువుతూ, మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను బట్టి ఆమెకు ఆ "అనుభవం" ఉందని తేల్చే పద్ధతి. రెండేళ్ళ తర్వాత, 2010 మే 5న, సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనిషి ఇష్టం లేకుండా నార్కో పరీక్ష గానీ, లై డిటెక్టర్ గానీ, మెదడు పరీక్ష గానీ చెయ్యకూడదు, అది రాజ్యాంగం 20(3), 21 అధికరణాలకు విరుద్ధం అంది. నోరు విప్పకుండా ఉండే హక్కు మెదడుకు కూడా వర్తిస్తుందని దీని అర్థం.

రెండోది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. ఇది 2018లో అమలులోకి వచ్చింది. మానసిక జబ్బుకు చికిత్స పేరుతో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యడాన్ని ఇది నిషేధించింది. మానసిక జబ్బుకు మెదడు ఆపరేషన్ చెయ్యాలంటే ఆ మనిషి తెలిసి ఇచ్చిన అంగీకారమూ, బోర్డు అనుమతీ రెండూ ఉండాలి. తనకు ఎట్లాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. మన సెంటర్లకు అన్నిటికంటే పనికొచ్చేది 105వ సెక్షన్. కోర్టులో ఒకరు మానసిక జబ్బు రుజువు అని కాగితం పెట్టి, రెండోవారు దాన్ని కాదంటే, కోర్టు ఆ విషయాన్ని మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు పంపాలి. భర్త తెచ్చిన సర్టిఫికెట్టే ఆఖరి మాట కాదు.

మూడోది మన దేశానిది కాదు. రఫాయెల్ యూస్టె అనే శాస్త్రవేత్త నాడీకణాల మెరుపులను వెలుగుతో చూడడంలో ముందున్నవాడు. 2019లో ఆయన బృందం, గీతలు కనిపిస్తే నీటిగొట్టాన్ని నాకేట్టు ఎలుకలకు తర్ఫీదు ఇచ్చింది. తర్వాత గీతలు చూపించకుండా, కొద్దిపాటి కణాల మీద వెలుగు వేస్తే చాలు, గీతలు చూసినట్టే ఎలుక నాకింది. లేనిదాన్ని ఉన్నట్టు అనిపించగలిగిన ఆ మనిషే మెదడు హక్కులకు చట్టం కావాలని ప్రచారం చేస్తున్నాడు. చిలీ దేశం 2021లో రాజ్యాంగాన్ని సవరించి, మెదడు పనితీరుకూ అందులోంచి వచ్చే సమాచారానికీ రక్షణ కల్పించింది. 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఒక మాజీ సెనేటర్ నుంచి సేకరించిన మెదడు సమాచారాన్ని తుడిచెయ్యమని ఒక అమెరికా కంపెనీని ఆదేశించింది.

మనం చెయ్యగలిగింది

మనలో ఎవరమూ ప్రయోగశాలలో పనిచెయ్యం. కానీ ఆసుపత్రిలో, హాస్టల్లో, జైల్లో, తండాలో, బస్తీలో మొదట కనపడేది మనమే. ఏ కొత్త చికిత్స వచ్చినా, ఏ అధ్యయనం అని చెప్పినా ఈ ప్రశ్నలు అడుగుదాం. ఇది చికిత్సా, ప్రయోగమా? ఆమె మాట్లాడే భాషలో, తెలుగులోనో, గోండిలోనో, లంబాడీలోనో చెప్పారా? వద్దంటే మామూలు వైద్యం ఆగదని చెప్పారా? సంతకం ఆమెదేనా, భర్తదా, వార్డెన్‌దా? మధ్యలో మానుకోవచ్చా? హాని జరిగితే బాధ్యత ఎవరిది? ఆమె గురించి రాసుకున్న సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది? ఎథిక్స్ కమిటీలో స్త్రీల తరఫున మాట్లాడేవారు ఉన్నారా? జవాబులు కాగితం మీద అడగండి. నోటితో చెప్పినవి రేపు ఉండవు.

శాస్త్రం పేరుతో ఎవరైనా "ఆడవాళ్ళ మెదడు ఇంతే, మగవాళ్ళ మెదడు అంతే" అంటే, ఏ జంతువులో చూశారు, ఎన్నిటిలో చూశారు, ఆడవాటిలో చూశారా అని అడగండి. అడగడానికి డిగ్రీలు అక్కర్లేదు.

చివరికి మళ్ళీ ఆమె దగ్గరికి వస్తాను. ఆమె ప్రశ్నకు నేను ఏం చెప్పానంటారా?

2013లో అమెరికాలో సుసుము టొనెగావా ప్రయోగశాలలో, ఎలుకకు ఒక పెట్టె తాలూకు జ్ఞాపకం ఉన్న కణాలను వెలుగుతో మేల్కొలుపుతూ వేరే చోట షాక్ ఇచ్చారు. తర్వాత ఆ ఎలుక, తనకు ఏ హానీ జరగని మొదటి పెట్టెలో పెడితే భయంతో బిగుసుకుపోయింది. దీన్ని పట్టుకుని రేపు ఎవరైనా "ఆడవాళ్ళు చెప్పే అత్యాచారాలు కూడా అబద్ధపు జ్ఞాపకాలే" అంటారేమో, జాగ్రత్త. ఆ ఎలుక మెదడులో వైరస్ ఎక్కించి ఫైబర్ దింపితే వచ్చిన జ్ఞాపకం అది. మన దగ్గరికి వచ్చే స్త్రీ ఒంటిమీద ఉన్న దెబ్బలను ఏ వెలుగూ పెట్టలేదు. కానీ మెదడులో మెరిసే కణాన్ని చూసి ఇది నిజం, ఇది అబద్ధం అని చెప్పే యంత్రం లేదన్న సంగతి కూడా ఈ ప్రయోగం చెబుతోంది.

కాబట్టి ఆమెతో ఇట్లా అన్నాను. "వద్దమ్మా. నీ మాట నమ్మడానికి నీ పుర్రె తెరవాల్సిన పని లేదు. ఇవాళ నువ్వు నిజం నిరూపించుకోవడానికి మెదడు చూపిస్తే, రేపు ప్రతి ఆడదాన్నీ నీ మెదడు చూపించు అంటారు. ఆ కాగితాన్ని మనం బోర్డు ముందు సవాలు చేద్దాం." ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే నా మాట రాసుకో అక్కా" అంది. రాసుకున్నాను, ఆమె చెప్పింది చెప్పినట్టుగా, నాలుగు పేజీలు. కింద ఆమె తన పేరు తానే సంతకం పెట్టింది.

ఆ సంతకం దగ్గరే మన పని మొదలవుతుంది. శెలవు.